పదహారు కుళాయిల ఇల్లు

పుల్లేటికుర్తి ఆదిశేషుకి యాభై రెండేళ్ళు వచ్చాయి గానీ కొత్తావకాయ రుచి ఎలా ఉంటుందో తెలియదు. ఇంట్లో ఆవకాయ పెట్టక కాదు. ఏటా వేసవిలో భార్య వరహాలమ్మ రెండు జాడీలు పెడుతూనే ఉంది. అయితే కొత్త జాడీకి వాసెన గుడ్డ కట్టే వేళకి పాత జాడీ అడుగున ఇంకో ఆరు నెలలకి సరిపడా ముక్కలు మిగిలే ఉండేవి. "ముందు పాతది కానియ్యి వరాలూ" అనేవాడు ఆదిశేషు. పాతది అయ్యేసరికి చలికాలం వచ్చేది, కొత్తది పాతబడేది. అతని తల్లి రోజుల్లోనూ ఆ ఇంట్లో ఇదే వరస. ఆఖరికి ఆవకాయ కలిపిన బేసినులో వేడన్నం కలుపుకోవడం కూడా ఆ ఇంట్లో నిషేధమే. బేసినుకి అంటుకున్న ఆవగుండంతా గరిటెతో గీకి జాడీలో వేయించేవాడు.

అరటిపళ్ళ సంగతీ అంతే. మచ్చపడినవి ముందు తినాలి. అవి తినేలోపు మంచివి మచ్చపడేవి. ఆ లెక్కన అతను పెళ్ళయిన దగ్గర్నుంచీ మంచి పళ్ళు కొని మచ్చపళ్ళే తిన్నాడు. పేపరు కూడా వరస తప్పకుండా చదవాలి. ఓసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు వెనకబడ్డాడు. తుఫాను తీరం దాటుతుందన్న వార్త చదివి గొడుగు వెతుక్కునేసరికి, వరాలు పెరట్లో పడిపోయిన చెట్టు కొమ్మలు కొట్టిస్తోంది.

దీన్ని ఆదిశేషు నిగ్రహం అనుకునేవాడు. వరాలు దానికి వేరే మాట వాడేది గానీ, మొగుడు దగ్గరున్నప్పుడు వాడేది కాదు.

ఇలాంటి మనిషి రామన్నలంక పురపాలక సంఘంలో మంచినీటి విభాగానికి సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాడు. సర్వీసంతా అతని గొప్పతనాన్ని గుర్తించిన అధికారి ఒక్కరూ రాలేదు. జనవరి మొదటి వారంలో ప్రభంజనరావు గారు కమిషనరుగా వచ్చారు.

ప్రభంజనరావు గారు అప్పుడే ఎక్కడో కొండమీద మూడు రోజుల శిక్షణ ముగించుకుని దిగారు. అక్కడ ఒక్కో అధికారి ముందూ ఒక మైసూర్‌పాక్ ముక్క పెట్టి, పావుగంట ముట్టకుండా కూర్చుంటే ఇంకో ముక్క ఇస్తామన్నారట. ముప్ఫై తొమ్మిది మంది తినేశారు. ఈయనొక్కరే కూర్చున్నారు. కూర్చున్నందుకు ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. దాన్ని పటం కట్టించి తన గదిలో గోడకి తగిలించుకుని, మొదటి స్టాఫ్ మీటింగు దాని కిందే పెట్టారు.

"మిత్రులారా! వెనకబాటుతనానికి మూలకారణము ఏమిటి? తొందర! పౌరుడు ఈ రోజు దరఖాస్తు పెట్టి ఈ రోజే పని కావలెనని కోరుచున్నాడు. ఇది మానసిక దారిద్ర్యము. దీనిని నిర్మూలించుటకు ఒక పథకము అమలుపరచదలచితిని."

మేనేజరు దైవాధీనం గారు వెంటనే చప్పట్లు కొట్టారు. ఆయన ముగ్గురు కమిషనర్ల కింద పనిచేసిన మనిషి. ఎప్పుడు కొట్టాలో ఆయనకి తెలుసు.

పథకం తేలికైనదే. ఏ పనిమీద వచ్చిన వాళ్ళకైనా రెండు దారులు. పసుపు ఫారం పెడితే 'తక్షణ ఫలము', అంటే అడిగింది ఒకటి ఇప్పుడే. ఆకుపచ్చ ఫారం పెడితే 'విలంబిత ద్విగుణ ఫలము', అంటే నెల ఆగితే రెండు. పసుపు ఫారం కోరినవాళ్ళు తొందరపాటు రిజిస్టరులో వేలిముద్ర వెయ్యాలి. ఆ పేర్లు మర్నాడు పొద్దున్న చెత్తబండి మైకులో చదువుతారు. ఆకుపచ్చ వాళ్ళ శాతమెంతో అదే ఊరి 'నిగ్రహ సూచిక'.

ముసాయిదా రాసే పని ఆదిశేషు మీద పడింది. అతను వారం రోజులు ఆనందంగా రాశాడు. కమిషనరు గారు చెప్పినవి ఆరు నిబంధనలు. ఏడోది ఆదిశేషు సొంతం.

"గడువు ముగిసిన దినమున, ద్విగుణ ఫలమును స్వీకరించుటకు గాని, మరొక మాసము వేచి దానికి ద్విగుణము పొందుటకు గాని దరఖాస్తుదారునకు తిరిగి అవకాశము కల్పింపబడును. దరఖాస్తుదారు మౌనము వహించినచో, ఆ మౌనము నిగ్రహముగా పరిగణింపబడును."

ప్రభంజనరావు గారు ఏడో నిబంధన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, ఆదిశేషుని తేరిపార చూశారు.

"ఇన్ని దినములు మీరు ఎచ్చట నుంటిరి?"

"ఇదే కుర్చీలోనండి" అన్నాడు ఆదిశేషు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తుంటే అతనికి నేలమీద కాళ్ళు ఆనలేదు.

*

మొదటి వారం కౌంటరు దగ్గర కొంచెం గలభా అయింది.

తండ్రి పోయిన ఒకాయన మరణ ధ్రువపత్రానికి వచ్చాడు. ఇప్పుడైతే ఒకటి, నెలాగితే రెండు అని ఆదిశేషు వివరించాడు.

"పోయింది ఒక్కరే కదండీ, రెండెందుకండీ నాకు?"

"ఎందుకైనా పనికొస్తుందండి. ఆగితే పోయేదేముంది?"

ఆయన పసుపు ఫారం వైపు చెయ్యి చాచాడు. చెత్తబండి మైకు గుర్తొచ్చినట్టుంది, ఆకుపచ్చ ఫారం నింపాడు.

తరవాత మంగతాయారనే ఆవిడ వచ్చింది. వీధిలో కుక్క ఒకటి వచ్చేపోయే వాళ్ళ పిక్కలు పట్టుకుంటోంది, దాన్ని పట్టించమంది.

"ఇప్పుడైతే ఒక కుక్కని పడతారమ్మా. నెలాగితే రెంటిని పడతారు."

"మా ఈదిలో ఉన్నదే ఒకటి కదండీ!"

"నెలాగితే ఉంటాయిలెండి రెండు" అన్నాడు ఆదిశేషు. నెల తిరిగేసరికి ఆ మాట నిజమే అయింది. ఆ కుక్క ఆడకుక్క. రెండు కాదు, ఆరయ్యాయి. ప్రభంజనరావు గారు దీన్ని 'ప్రకృతి సైతము పథకమునకు సహకరించుచున్నది' అని నెలవారీ నివేదికలో రాశారు.

ఫిబ్రవరి వచ్చేసరికి రామన్నలంక మొత్తం ఆగడం మొదలుపెట్టింది. మన ఊరివాళ్ళకి రెండు వస్తాయంటే ఒకటి పుచ్చుకోవడం నామోషీ. మురిక్కాలవలు రెండుసార్లు తీయించుకోవడం కోసం ఒకసారి తీయించుకోవడం మానేశారు. వీధి దీపాలు జంటగా వెలుగుతాయని చీకట్లో కూర్చున్నారు. పెళ్ళి నమోదుకొచ్చిన కొత్త దంపతులు మాత్రం, రెండు సర్టిఫికెట్లుంటే అత్తారింట్లో అనుమానపడతారని పసుపు ఫారం పెట్టారు. మర్నాడు చెత్తబండి మైకులో వాళ్ళ పేర్లు వీధి వీధీ వినిపించాయి. ఆ తరవాత పసుపు ఫారం అడిగినవాడు లేడు.

ఆఫీసు ప్రశాంతంగా ఉండేది. దైవాధీనం గారు మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు తీసేవారు. మార్చి నివేదికలో 'పూర్తిచేసిన సేవలు: శూన్యము. నిగ్రహ సూచిక: నూరు' అని పంపితే, రాజధాని నుంచి అభినందన లేఖ వచ్చింది.

*

ఇందులో ఆదిశేషు ఇంటి సంగతి ఒకటుంది. నిజానికి కథంతా అదే.

వాళ్ళ వీధిలో మంచినీళ్ళ గొట్టం వేసి ఏడాదయింది. ఆ గొట్టానికీ ఆదిశేషు గేటుకీ మధ్య దూరం నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ తవ్వి ఇంట్లోకి కుళాయి ఇవ్వడానికి కావలసింది ఒక దరఖాస్తు, దానిమీద మంచినీటి విభాగం సీనియర్ అసిస్టెంటు ముద్ర. ఇల్లు వరాలు పేరు మీద ఉంది కాబట్టి దరఖాస్తు ఆవిడే రాసిచ్చింది. అది మొగుడి చొక్కా జేబులోనే ఆఫీసుకి వెళ్ళింది.

"సొంత మనుషులకి ముందు చేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అని ఆదిశేషు ఏడాది పాటు ఆ కాగితాన్ని అందరి కాగితాల అడుగున పెట్టాడు. జనవరిలో పథకం రాగానే దాన్ని పైకి తీసి, ఊళ్ళో అందరికంటే ముందు ఆకుపచ్చ ఫారం జతచేశాడు. దానిమీద 'పు. వరహాలమ్మ' అని సంతకం కూడా తనే పెట్టాడు. ఇంటికెళ్ళి శుభవార్తలా చెప్పాడు.

"నెలాగితే రెండు కుళాయిలు వరాలూ! వంటింట్లో ఒకటి, పెరట్లో ఒకటి."

వరాలు రోజూ ఆరింటికి వీధి చివర పబ్లిక్ కుళాయి దగ్గర నిలబడి, ముప్పావుగంటలో ఎనిమిది బిందెలు మోసుకొచ్చేది. ఇంకో నెల మోసింది.

ఫిబ్రవరిలో రెండు వదులుకుని నాలుగన్నాడు. మార్చిలో నాలుగు వదులుకుని ఎనిమిదన్నాడు. కమిషనరు గారు అతన్ని గదికి పిలిచి భుజం తట్టారు. ఏప్రిల్లో పదహారయ్యాయి. రెండు గదుల పెంకుటింటికి పదహారు కుళాయిలు ఎక్కడ పెట్టాలో ఆదిశేషు ఒక తెల్లకాగితం మీద బొమ్మ గీసుకున్నాడు. పడగ్గదిలో మూడు వచ్చాయి. ఎన్ని విధాల గీసినా ఒకటి మాత్రం దేవుడి గూట్లో పెట్టాల్సి వస్తోంది.

"ఏవండీ, నా నడుం పట్టేసిందండి" అంది వరాలు ఓ రోజు. బిందె దించుతూ గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"మే నెలాఖరు దాకా ఓపిక పట్టు. ముప్ఫై రెండవుతాయి."

"ముప్ఫై రెండెందుకండీ, పళ్ళా ఏంటి?"

వీధిలో ఆదిశేషు వాళ్ళని 'పదహారు కుళాయిల వారు' అనేవారు. బిందెతో వరాలు వెళ్తుంటే ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని, "ముందు మీరు పట్టుకోండి పిన్నిగారూ, కుళాయిలున్నవారు కదా" అనేవారు. ఆదిశేషు దాన్ని గౌరవమనే అనుకున్నాడు. అతనికి అలా అనుకోవడం బాగా అలవాటు.

మే రెండో వారంలో వరాలు ఆవకాయ కలిపింది. ఆ ఏడు కాయ బాగా కుదిరింది. మూడో నాడు తిరగ కలిపి, నూనె తేలిన జాడీని చూస్తూ, "ఈ ఒక్క ఏడూ కొత్తది తీస్తానండి" అంది.

"పాతదింకా ఉందిగా" అన్నాడు ఆదిశేషు పేపరులోంచి. అది మొన్నటి పేపరు.

*

మే నెలాఖరు దాకా నిగ్రహ సూచిక నూటికి నూరు దగ్గరే నిలిచింది. రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోందని కబురొచ్చింది. ఆఫీసుకి మామిడి తోరణాలు కట్టారు. 'నిగ్రహ రత్న' బిరుదు ఆదిశేషుకి ఇవ్వాలని కమిషనరు గారు నిర్ణయించారు. ఆదిశేషు పెళ్ళినాటి పట్టు కండువా తీసి వేసుకున్నాడు. దాన్ని కూడా అతను ఏదైనా మంచి సందర్భానికని ఇరవై ఆరేళ్ళుగా దాచాడు. మడతల దగ్గర చిరిగింది.

బృందానికి అధ్యక్షురాలు రాజ్యశ్రీ గారు. ఆవిడ వెనక డ్రైవరు ఒక పెద్ద వెండిరంగు జ్ఞాపికని గుడ్డలో చుట్టి మోసుకొచ్చాడు. ఆవిడ కౌంటరు దగ్గరికి వచ్చి, ఆదిశేషు పక్కనే కుర్చీ వేయించుకుని, "సేవలు అందించు విధానమును ప్రత్యక్షముగా వీక్షించదలచితిమి" అన్నారు.

వీక్షించడానికి దరఖాస్తుదారులెవరూ లేరు. దైవాధీనం గారు కంగారుగా గుమ్మం వైపు చూశారు. అప్పుడే ఒకావిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. "హమ్మయ్య" అన్నారు దైవాధీనం గారు. ఆదిశేషు అనలేదు. ఆ బిందె అతనికి తెలుసు.

వరాలు తిన్నగా కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది.

"పసుపు ఫారం ఒకటి ఇప్పించండి."

ఆదిశేషు గొంతు తగ్గించి, "ఇంటి దగ్గర మాట్లాడుకుందాం, వెళ్ళు" అన్నాడు.

"ఇంటి దగ్గర మీరు పేపరు చదువుకుంటారండి. ఇక్కడైతే మాట్లాడతారు."

ప్రభంజనరావు గారు ముందుకొచ్చారు. ఆవిడెవరో దైవాధీనం గారు ఆయన చెవిలో ఊదారు. ఆయన ముఖం వెలిగింది.

"అమ్మా! మీది ఈ పట్టణమునకే ఆదర్శ గృహము. ఇంకొక్క దినము ఆగిన ముప్పది రెండు కుళాయిలు! ఈ దశలో పసుపు ఫారం పెట్టిన పదహారునూ కోల్పోవుదురు. సూచిక నూరు నుండి జారును. ఆలోచించుకొనుడు."

"ఆలోచించుకునే వచ్చేనండి. నాకున్నవి రెండు చేతులు. పదహారు కుళాయిల కింద పదహారు బిందెలు పెట్టడానికి నా వల్ల కాదు. ఒక్కటి చాలండి. నాలుగడుగులు తవ్వించండి చాలు."

"కాని మీరే కదా ఆకుపచ్చ ఫారముపై సంతకము చేసినారు?" అన్నారు రాజ్యశ్రీ గారు, కౌంటరు మీదున్న ఫైలు తిప్పుతూ.

వరాలు ఆ సంతకం చూసింది. తరవాత మొగుణ్ణి చూసింది.

"నా పేరులో 'హా' నేనిలా రాయనండి. ఇదెవరు పెట్టేరో ఆయన్నే అడగండి."

ఆదిశేషు తల దించుకున్నాడు. దించుకుంటే ఎదురుగా బిందె కనిపించింది, ఆ బిందె ఆనే చోట వరాలు చీర నీళ్ళకి నాని నాని రంగు పోయి ఉంది. నాలుగేళ్ళ కిందట తనే కొన్న చీర. కొన్నప్పుడు దాన్ని కూడా దాచుకోమన్నాడు. ఇంట్లో వేరే మంచి చీర లేక ఆవిడ కట్టేసింది. ఒక మాట అబద్ధం చెబితే బిరుదు దక్కుతుంది. అతనికి ఆ బిరుదు కావాలి, ఎంత కావాలో అతనికే సిగ్గేసేంత కావాలి. సర్వీసులో ఇంతవరకూ ఎవరూ అతని మెడలో ఒక దండ వెయ్యలేదు.

"నేనేనండి. ఆవిణ్ణి అడక్కుండా నేనే పెట్టేను" అన్నాడు ఆదిశేషు.

సొరుగు లాగి పసుపు ఫారం తీశాడు. వరాలు సంతకం పెట్టింది. తొందరపాటు రిజిస్టరులో వేలిముద్ర కూడా అడక్కుండానే వేసింది. ఆదిశేషు ముద్ర కొట్టాడు. నెలల తరబడి కొట్టకపోవడం వల్ల ముద్ర ఎండిపోయింది. ఉమ్మి తడి చేసి మళ్ళీ కొట్టాడు.

పరిశీలకుల్ని చూడ్డానికి మూగిన జనంలో, గుమ్మం బయట నుంచి తొంగిచూస్తున్న మంగతాయారు, "ఏవండోయ్, నాకూ పసుపుదేనండీ! ఇంటి ముందు ఆరు కుక్కలండీ బాబూ!" అని లోపలికి దూసుకొచ్చింది. ఆవిడ వెనక పది మంది, వాళ్ళ వెనక వీధంతా. పసుపు ఫారాలు అచ్చు వేయించినవే పాతిక. అవి అయిపోతే ఆదిశేషు ఆకుపచ్చవాటిని తిరగేసి వెనకవైపు రాయించుకున్నాడు.

రాజ్యశ్రీ గారు అంతా శ్రద్ధగా వీక్షించి లేచారు. "సూచిక స్వల్పముగా క్షీణించినను, ఇంతవరకు చేసిన కృషిని గుర్తించుచున్నాము. కమిషనరు గారూ, ఈ జ్ఞాపికను ఇప్పుడే స్వీకరింతురా? లేక వచ్చే సంవత్సరము వరకు వేచి, రెండు స్వీకరింతురా?"

ప్రభంజనరావు గారి చేతులు అప్పటికే సగం దూరం చాచి ఉన్నాయి. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. ఊరంతా చూస్తోంది. ఆయన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని, వీపు వెనక కట్టుకున్నారు.

"వేచి... యుందుము."

డ్రైవరు జ్ఞాపికని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. అప్పటికే అది ఏడు ఊళ్ళు తిరిగిందనీ, ఒక్క ఊరూ పుచ్చుకోలేదనీ దైవాధీనం గారితో చెప్పి కారెక్కాడు.

సాయంత్రం జనం పలచబడ్డాక కమిషనరు గారు గదిలో సర్టిఫికెట్టు కింద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ఆదిశేషు సంతకానికి కాగితాలు తీసుకెళ్ళి, పెట్టి, నిలబడ్డాడు.

"సార్, ఒక మాటండి. ఆ రెండు మైసూర్‌పాక్ ముక్కలూ ఎలా ఉన్నాయండి?"

ప్రభంజనరావు గారు కలానికి మూత పెట్టారు. మొదటిసారి మామూలు భాషలో మాట్లాడారు.

"రెండోది తెచ్చేసరికి మొదటిదానికి చీమలు పట్టాయయ్యా. రెండూ కలిపి ఆ పళ్ళెం అలాగే తీసుకెళ్ళిపోయారు."

*

మూడో రోజున నాలుగడుగులూ తవ్వి, గొట్టం కలిపి, వంటింటి గుమ్మం పక్కన ఒక ఇత్తడి కుళాయి బిగించారు. మర్నాడు పొద్దున్న ఆరింటికి అందులో ముందు గాలి బుసకొట్టింది, తరవాత ఎర్రనీళ్ళు, తరవాత మంచినీళ్ళు. వరాలు కుళాయి కింద చెయ్యి పెట్టి ఊరికే అలా కూర్చుంది.

ఆదిశేషుకి కూడా ఎంతో సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో నోరు తెరిచి, "వరాలూ, నిన్న తెచ్చిన బిందెలు రెండున్నాయి కదా, ముందు ఆ పాతనీళ్ళు వాడేసి..." అని, సగంలో ఆగిపోయాడు. తన నోరు తనకే వినిపించింది.

వరాలు లేచింది. రెండు బిందెలూ ఒకదాని తరవాత ఒకటి తీసుకెళ్ళి కరివేపాకు మొక్కకి పోసేసింది. వచ్చి, కుళాయి నీళ్ళతో బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికాక రెండు కంచాలు వాల్చి, కొత్త జాడీ వాసెన విప్పింది. ఆదిశేషు పాత జాడీ వైపు ఒకసారి చూసి, కంచం దగ్గరికి జరుపుకున్నాడు.

మొదటి ముద్దకే అతని నెత్తిలోంచి ఆవిర్లు వచ్చినట్టయింది. ముక్కు మండింది, చెవులు మండాయి, ముక్క పంటికింద కటుక్కుమంది. ఇన్నేళ్ళుగా తను తిన్నది మెత్తబడిన ఉప్పుముక్కలని అప్పుడు తెలిసింది.

"అబ్బా, ఇంత ఘాటుంటుందా ఇది! ఎంత బావుందే! కొత్తావకాయంటే ఎప్పుడూ ఇలాగే ఉంటుందా వరాలూ?"

వరాలు ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలి మింగింది.

"నాకేం తెలుసండీ? పెళ్ళయ్యేక నేనూ కొత్తది తినడం ఇదే మొదలు. మీ పాత జాడీ అయ్యేదాకా నన్ను మాత్రం తిననిచ్చేరా?"

ఆదిశేషు చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నిగ్రహమంతా తనదేననుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కారమా?" అంది వరాలు, నెయ్యి గిన్నె ముందుకు జరుపుతూ.

"ఆఁ, కారం" అన్నాడు. ఇంకో ముక్క తీసి, ఈసారి ముందు ఆవిడ కంచంలో వేశాడు.